నాన్నగారి అరువుకు గడువుండేది

ప్రశ్న: నమస్కారమండి. మాది గుంటూరు పట్నంబజారులో కిరాణా హోల్‌సేల్ షాపు. నాన్నగారు ముప్పై ఏళ్లు నడిపారు. ఆయనకు గుండె ఆపరేషన్ అయ్యాక నాలుగేళ్లుగా నేను చూసుకుంటున్నాను. చుట్టుపక్కల ఊళ్లలో అరవై దాకా చిల్లర కొట్లకు, కొన్ని హోటళ్లకు, మెస్‌లకు సరుకు వేస్తాం. చిన్న కారం మిల్లు కూడా ఉంది. నెలకు 12 లక్షల అమ్మకం, అందులో 8 లక్షలు అరువే. మిగిలేది నూటికి నాలుగు రూపాయలు. ఇవాళ్టికి బయట ఉన్న బాకీ 19 లక్షలు. మాకు సరుకిచ్చేవాళ్లు పది రోజులకు మించి ఆగరు. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) నిండిపోయింది. అది చాలక 4 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. బాకీ అడిగితే "మీ నాన్నగారు ఏనాడూ ఇలా అడగలేదు బాబూ" అంటారు. నాకేమో మొహమాటం. నేను కుదరదన్నవాళ్లకు కూడా నాన్నగారు షాపుకొచ్చిన రోజున సరుకు ఇప్పించేస్తారు. విజయవాడలో ఒక హోటల్ వాళ్లు ఏడు నెలలుగా 2,80,000 ఇవ్వాలి. అందులో 90 వేలు మా మిల్లు కారానివి. వాళ్లిచ్చిన లక్షన్నర చెక్కు వేస్తే ఖాతాలో డబ్బుల్లేవని 12 రోజుల క్రితం తిరిగొచ్చింది. ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్లో నాన్నగారిని అన్నయ్యా అని పిలిచే ఆయన 1,60,000 బాకీ. ఆయన చివరిగా సరుకు తీసుకెళ్లి మూడేళ్లు కావస్తోంది. 45 రోజుల్లో డబ్బు కట్టి తీరాలని చట్టం ఉందని వీడియోల్లో చూశాను. అది మాకు పనికొస్తుందా? బాకీదారుల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టేద్దాం అంటున్నాడు మా తమ్ముడు. ఏం చేయమంటారు?
— పేరు వద్దు, గుంటూరు

జవాబు: చెక్కు సంగతి ఆగేది కాదు కాబట్టి ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్‌లో చెప్పాను. ఇదే ఇబ్బందిలో ఉన్న ఇంకొందరి కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి మీకు తెలిసిన రోజు మొదలు 30 రోజుల్లోగా ఆ హోటల్‌కు రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి. మీకు 12 రోజులు అప్పటికే అయిపోయాయి. నోటీసు లాయరు చేత ఇప్పించండి, అందినట్టు రుజువు ఉండేలా పోస్టులో పంపండి. అందులో అడగాల్సింది చెక్కు మీదున్న లక్షన్నర. మిగతా బాకీని దాంతో కలిపేసి 2,80,000 ఇవ్వాలని గంపగుత్తగా రాస్తే అవతలి లాయరు ఆ నోటీసే చెల్లదని వాదిస్తాడు. నోటీసు అందాక వాళ్లకు 15 రోజుల గడువు. ఆ లోపు కడితే గొడవ లేదు. కట్టకపోతే అక్కడి నుంచి నెల లోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. హోటల్ విజయవాడలో ఉందని మీరు కృష్ణ దాటి తిరగక్కర్లేదు. 2015లో చట్టం సవరించాక, చెక్కు జమ చేసుకున్న మీ బ్యాంకు బ్రాంచి ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే కేసు. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మీకు ఇప్పించే అధికారం కూడా 2018 సవరణతో కోర్టుకు వచ్చింది.

ఇంతా చెప్పి, కేసు దాకా వెళ్లమని మాత్రం అనను. నోటీసు వెళ్లగానే చాలామంది మాట్లాడుకుందాం రమ్మంటారు. పిలిస్తే వెళ్లండి, కానీ మాటల్లో పడి ఆ గడువులు దాటనివ్వకండి. హోటల్ అంటే రోజూ పొద్దున్నే రొక్కానికి ఇడ్లీ, దోసె అమ్ముకునే వ్యాపారం. వాళ్ల దగ్గర తినేవాళ్లెవరూ రెండు నెలలకు డబ్బులిస్తామనరు. కాబట్టి వాళ్లకు వాయిదా నెలకోసారి పెట్టడం తప్పు. రోజుకు 2,000 చొప్పున రాత్రి కౌంటర్ మూసేటప్పుడు ఫోన్‌పే చేయమనండి. 2,80,000 తీరడానికి 140 రోజులు పడుతుంది. ఆ ఒప్పందం కాగితం మీద రాసుకుని, చెక్కు కేసు హక్కు పోకుండా ఎలా రాయాలో లాయరునే అడగండి. ఈలోగా కొత్త సరుకు కావాలంటే రొక్కానికే. "చెక్కు ఉంచండి, నేను చెప్పినప్పుడు వేయండి" అనే మాట ఇంకెవరి దగ్గరా ఒప్పుకోవద్దు. చెక్కుకు దాని మీది తేదీ నుంచి మూడు నెలలే ఆయుష్షు. ఆ మాట అనేవాళ్లలో కొందరికి ఆ లెక్క మీకన్నా బాగా తెలుసు.

ఇక అసలు విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "మీ నాన్నగారు ఏనాడూ ఇలా అడగలేదు" అన్నది. అది నిజమే అయ్యుండొచ్చు. అడగాల్సిన అవసరం ఆయనకు రాకపోవడానికి కారణం ఉంది. ఒక సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టి పాత ఖాతా పుస్తకాలు ముందేసుకుని అడగండి: ఫలానా కొట్టుకు ఎంత దాకా ఇచ్చేవారు? ఎప్పుడు వసూలయ్యేది? అప్పటికీ రాకపోతే ఏం చేసేవారు? ఆయన చెప్పే జవాబుల్లో మిర్చి మాట తప్పకుండా వస్తుంది. జనవరి నుంచి మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) రావడం మొదలవుతుంది, వేసవి సెలవులు ఇచ్చేదాకా రైతు చేతిలో డబ్బు ఆడుతుంది, ఊళ్లో కొట్టు బాకీలు తీరతాయి, కొట్టువాడు పట్నంబజారు వచ్చి ఖాతా కట్టి వెళతాడు. ఎవరికి ఎన్నెకరాలున్నాయో, ఎవరి అమ్మాయి పెళ్లి ఎప్పుడో ఆయనకు తెలుసు. ఎవరికి పది బస్తాలివ్వొచ్చో, ఎవరికి రెండుతో ఆపాలో కూడా తెలుసు. ఆ గడువు, ఆ పరిమితి పుస్తకంలో రాసిలేవు, ఆయన బుర్రలో ఉన్నాయి. షాపు మీ చేతికొచ్చినప్పుడు పుస్తకం వచ్చింది, అందులో లేనివి రాలేదు.

పైగా ఆ పాత గడువు కూడా ఇప్పుడు అంత నమ్మకమైనది కాదు. ధర లేకపోతే రైతు కాయను కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, అంటే కొట్టు బాకీ కూడా దాంతోపాటే కోల్డ్ స్టోరేజీలోకి వెళుతుంది. 2025 మొదట్లో మిర్చి ధర ఎలా పడిపోయిందో మీరు అక్కడే ఉండి చూశారు. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది "మిర్చి అమ్మాక ఇస్తాను" అన్నవాడు అబద్ధమాడినట్టు కాదు. కానీ ఆ మాట మీద మీరు ఓడీ తీర్చలేరు.

మరి మీ కొట్టువాళ్ల దగ్గర డబ్బు లేదా? ఉంది. డ్వాక్రా వాయిదా ఏ తారీకున కట్టాలో వాళ్ల ఇంట్లో అందరికీ తెలుసు. చిట్టీ పాట రోజు తెలుసు. డైలీ ఫైనాన్స్ కుర్రాడు సాయంత్రం బండి ఆపగానే గల్లాపెట్టె లోంచి మూడొందలు తీసి ఇస్తారు, అతను అడగనైనా అడగడు. వీళ్లందరికీ ఒక తారీకు ఉంది. తారీకు లేనిది మీకొక్కరికే. అందుకని అందరికీ ఇచ్చాక మిగిలితే మీకు. ఇందులో వాళ్ల దుర్బుద్ధి ఏమీ లేదు, చేతిలో ఉన్న డబ్బు ముందు అడిగినవాడికి పోతుంది, అంతే.

దీనివల్ల మీకెంత పోతోందో ఒక్క బిల్లు మీద చూడండి. పదివేల బిల్లుకు మీకు మిగిలేది 400. ఆ పదివేలు మీరు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్మయితే నెలకు 200 వడ్డీ. రెండు నెలలు దాటాక ఆ బిల్లు మీద మీరు సంపాదించింది సున్నా, మూడో నెల నుంచి మీ చేతి డబ్బు పెట్టి వాళ్లకు సరుకు వేస్తున్నట్టు. ఆ బిల్లు పూర్తిగా మునిగితే, మీ అసలు 9,600 మళ్లీ చేతికి రావడానికి అలాంటివే 24 బిల్లులు అమ్మి, అన్నీ సక్రమంగా వసూలు చేసుకోవాలి. ఇప్పుడు మొత్తం మీద: నెలకు 8 లక్షల అరువు, బయట 19 లక్షలు. అంటే ఇవాళ ఇచ్చిన సరుకు డబ్బు సగటున 71 రోజులకు తిరిగొస్తోంది, మీరు కట్టాల్సింది పది రోజులకు. ఆ మధ్య అరవై రోజుల ఖాళీనే మీ ఓడీ, మీ వడ్డీ అప్పు, మీ రాత్రి టెన్షన్. 71ని 40కి తెస్తే బయటి బాకీ పదిన్నర లక్షల చిల్లరకు దిగుతుంది, ఎనిమిది లక్షలు చేతికొస్తాయి. అందులో సగంతో ఆ రెండు రూపాయల అప్పు తీరిపోతుంది. దాని వడ్డీయే నెలకు 8,000. మీ నెల లాభం 48,000లో ఆరో వంతు అది. కొత్త కొట్లు పట్టుకుని అమ్మకం పెంచడం కన్నా ఇది దగ్గరి దారి.

దీనికి ముందు చేయాల్సింది బాకీల జాబితాను వయసు ప్రకారం రాసుకోవడం. మీరు పేర్ల వారీగానో, ఎక్కువ తక్కువల వారీగానో చూస్తూ ఉండి ఉంటారు. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడుతుంటే మీ అకౌంటెంట్ రెండు నిమిషాల్లో తీసిస్తాడు. నెల లోపువి, రెండు నెలలవి, మూడు నెలలవి, అంతకు పాతవి అని నాలుగు వరసలు చాలు. నెలలోపు రెండు లక్షలున్న కొట్టు కన్నా, ఎనిమిది నెలలుగా 14 వేలు కదలని కొట్టు ఎక్కువ ప్రమాదం. మొదటివాడు మీ ఖాతాదారు, రెండోవాడు మీకు కనబడకుండా ఇంకో షాపులో కొంటున్నాడు.

కొత్త సరుకుకు ఇవాళ్టి నుంచి బిల్ టు బిల్ పెట్టండి. ఈ మాట మీకు కొత్తేమీ కాదు, సబ్బుల కంపెనీల డిస్ట్రిబ్యూటర్లు మీ కొట్లలో చేస్తున్నదే: ముందటి బిల్లు కడితేనే కొత్త బిల్లు దిగుతుంది. మీరు వారానికోసారి లైన్‌కు, అంటే ఊళ్ల కొట్లు తిరగడానికి, వెళ్లేవాళ్లు కాబట్టి ఏడు రోజులు, కాస్త గట్టివాళ్లయితే పద్నాలుగు రోజులు. ఒక్కో కొట్టుకు పరిమితి రెండు వారాల సరుకు దాటకూడదు. బిల్లు మీద గడువు తేదీ అచ్చయి ఉండాలి, "15 రోజులు" అని కాకుండా ఫలానా తారీకు అని. సరుకు దింపే కుర్రాడు రెండో కాపీ మీద సంతకం లేకుండా ఆటో తిప్పకూడదు. ఆ సంతకం అప్పటికి ఎవరికీ పట్టదు. తగువు వచ్చినప్పుడు మీ దగ్గర ఉండే రుజువు అదొక్కటే.

గడువు దాటితే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ అని బిల్లు కింద రాయించేవాళ్లున్నారు. రాయించండి, నష్టం లేదు, కానీ పట్నంబజారులో అది వసూలయ్యేది తక్కువ. పైగా అలా వసూలు చేసిన వడ్డీ మీద కూడా జీఎస్టీ కట్టాలి. నేనైతే తిరగేసి చెబుతాను: అదే రోజు రొక్కానికి కొంటే నూటికి ఒక రూపాయి తగ్గింపు. మీకు మిగిలే నాలుగులో ఒకటి పోతుందని బాధపడొద్దు. ఒక్క నెల ఆగితే మీకు పడే వడ్డీ రెండు. ఊరి కొట్టువాడికి వందకు రూపాయి అంటే చిన్న మాట కాదు, పదివేల సరుకుకు వంద రూపాయలు, ఆటో కిరాయిలో కొంత కలిసొస్తుంది.

లైన్ ఎప్పుడు తిరగాలన్నది కూడా చూసుకోండి. మన రాష్ట్రంలో పింఛన్లు ఒకటో తారీకున ఇస్తారు. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. ఊళ్లో వంద మందికి పింఛను వస్తే ఆ వారంలో నాలుగు లక్షలు ఆ ఊరి వీధుల్లోకి వస్తాయి, అందులో మందుల షాపు తర్వాత వాటా కిరాణా కొట్టుదే. మూడో తారీకు నుంచి ఎనిమిదో తారీకు దాకా పాత బాకీల లైన్ తిరగండి. ఇరవై అయిదో తారీకున వెళ్లి, "లేవు బాబూ" అనిపించుకుని రావడం వల్ల డీజిల్ ఖర్చు తప్ప ఏమీ లేదు. ఇంకో మాట: ఒక ఊరికి వారంలో ఒకే రోజు, ఒకే టైము. మీరు మంగళవారం పదకొండుకు వస్తారని తెలిస్తే సోమవారం రాత్రే డబ్బు పక్కన పెడతారు. రెండు మూడు వారాలు ఖాళీగా తిరిగినా సరే, ఆ మంగళవారం మాత్రం తప్పొద్దు.

అడిగే తీరు గురించి మీరు మొహమాటం అన్నారు. మొహమాటం పోగొట్టుకోమని చెప్పడం తేలిక, అది పోదు. అది అడ్డం రాని మాటలు ఎంచుకోండి. "ఏమైనా ఇస్తారా బాబాయ్?" అంటే "వచ్చేవారం చూద్దాం" అన్న జవాబును మీరే అందించినట్టు. "బాబాయ్, పన్నెండో తారీకు బిల్లు 8,400 ఉంది. క్యాషా, ఫోన్‌పేనా?" అనండి. ఇందులో ఇస్తారా లేదా అన్న ప్రశ్న లేదు. పూర్తిగా లేదంటే, "ఇవాళ ఎంత, మిగతాది ఏ రోజు?" అని అడిగి, ఆ రోజు వాళ్ల ఎదుటే పుస్తకంలో రాసుకోండి. గొంతు పెంచక్కర్లేదు. టీ ఇస్తే తాగండి. నెల ఒకటో తారీకున ప్రతి కొట్టుకూ వాట్సాప్‌లో "మీ ఖాతాలో ఇవాళ్టికి ఇంత నిలవ ఉంది, తేడా ఉంటే చెప్పండి" అని పంపండి. అందరికీ పంపితే ఎవరికీ తప్పుగా అనిపించదు, ఒక్కరికే పంపితే అనుమానించినట్టు ఉంటుంది.

పాత బాకీని మాత్రం కొత్త సరుకుతో ముడిపెట్టి మొత్తం ఒకేసారి అడగకండి. 45 వేలు కడితేనే సరుకు అంటే ఆ కొట్టువాడు పక్క షాపుకు పోతాడు, మీ 45 వేలూ ఉండవు, గిరాకీ ఉండదు. పాతది ఒక అంకె దగ్గర ఆపేసి సంతకం తీసుకోండి. కొత్తది బిల్ టు బిల్, పాతదానికి వారానికి వెయ్యి. ఏడాది లోపు తీరిపోతుంది. డబ్బు ముట్టినప్పుడల్లా "పాత బాకీకి జమ" అనో, "ఫలానా బిల్లుకు జమ" అనో రసీదులో రాయండి. ఇచ్చేవాడు దేనికని చెప్పకపోతే, దాన్ని ఏ బాకీకి జమ కట్టుకోవాలో నిర్ణయించే హక్కు ఒప్పంద చట్టం మీకే ఇస్తోంది, కాలదోషం పట్టిన బాకీకైనా సరే.

కాలదోషం అన్నాను కాబట్టి ప్రత్తిపాడు బాబాయిగారి సంగతి. అరువుకు గడువు ఏదీ అనుకోకపోతే, సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. ఇది ఖాతా మొత్తానికి ఒకే లెక్క కాదు, ఏ బిల్లుకు ఆ బిల్లే. కాబట్టి ఆయన 1,60,000లో పాత బిల్లులు కొన్ని ఇప్పటికే దాటిపోయి ఉంటాయి, చివరివి దాటబోతున్నాయి. దాటకముందు ఆయన "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. దాటిపోయిన వాటికి ఒప్పుకోలు చాలదు, "ఇస్తాను" అని కొత్తగా రాసివ్వాలి. అలా రాసి సంతకం పెడితే పాత బాకీ అయినా చెల్లుతుంది. ఈ రెంటికీ కలిపి మనవైపు అందరికీ తెలిసిన మార్గం ప్రోనోటు. రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చేయించండి, స్టాంపు లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. తర్వాత ఆయన ఎప్పుడు ఎంత ఇచ్చినా వెనకవైపు చెల్లు రాయించి సంతకం తీసుకోండి. ఫోన్‌పే చేశారు కదా అని ఆ పని వదిలేయకండి.

ఆయన దగ్గరకు మీరు ఒక్కరే వెళ్లకండి. నాన్నగారిని కారులో తీసుకుని వెళ్లండి. అన్నయ్యా అని పిలిచే మనిషి ఎదుట "మావాడు చూసుకుంటున్నాడు తమ్ముడూ, లెక్క రాసిచ్చెయ్" అని ఆయన ఒక్క మాట అంటే అయ్యే పని, మీరు ఇరవై సార్లు తిరిగినా కాదు. నాన్నగారు షాపులో సరుకు ఇప్పించేస్తున్నారని మీరు ఫిర్యాదుగా రాశారు. నాకు అది వేరుగా కనబడింది. తన వ్యాపారం కొడుకు చేతికి వెళ్లాక ఆయనకు షాపులో మిగిలిన పని, పాతవాళ్లు వస్తే చేయి ఊపి బస్తా ఎత్తించడం. ఆ పని తీసేస్తే ఆయన ఊరుకోరు. దాని బదులు పెద్ద పని అప్పగించండి: పరిమితుల జాబితా ఆయన చేతే రాయించండి. అరవై కొట్లకూ ఎవరికెంత అని. ఆయన చేత్తో రాసిన అంకెను ఆయనే దాటరు. ఎవరైనా "మీ నాన్నగారు..." అని మొదలుపెడితే "ఈ లెక్క నాన్నగారు రాసిందే బాబాయ్" అనడానికీ ఉంటుంది. గుమాస్తాకు మాత్రం విడిగా చెప్పండి, జాబితా దాటి బిల్లు కొట్టాలంటే మీ ఇద్దరి సంతకాలూ ఉండాలని.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకోవచ్చు, ఐపీ పెట్టబోయేవాణ్ని, అంటే దివాలా తీయబోయేవాణ్ని, పసిగట్టడం. ఎప్పుడూ రూపాయి దగ్గర పట్టుబట్టే మనిషి బేరం ఆడటం మానేసి, ధర అడక్కుండా నూనె డబ్బాలు, పంచదార బస్తాలు మామూలు కన్నా రెట్టింపు ఎత్తుకుపోతుంటే అది వ్యాపారం పెరగడం అనుకోకండి. ఆ రెండూ మర్నాడే రొక్కంగా మారే సరుకులు. కట్టే ఉద్దేశం ఉన్నవాడే ధర దగ్గర గొడవపడతాడు.

మీరడిగిన 45 రోజుల చట్టం: ఉంది, గట్టిదే. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006. ఒప్పందం ఉంటే అది చెప్పినట్టు, అయినా 45 రోజులు దాటకుండా కట్టాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కానీ ఇది తయారీదారులకు, సేవలందించేవాళ్లకు. 2021 జులైలో టోకు, చిల్లర వ్యాపారులను కూడా ఉద్యం నమోదులోకి (ఈ చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన నమోదు) తీసుకున్నారు గానీ, బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. వీడియోల్లో ఈ సగం చెప్పరు. కాబట్టి మీ పప్పులు, నూనె, పంచదార బాకీలకు ఇది పనికిరాదు. మిల్లు కారం తయారీ సరుకు. ఆ 90 వేలకు పనికొస్తుంది, సరుకు వేసేనాటికే మిల్లుకు ఉద్యం నమోదు ఉంటే చిక్కు లేదు. అప్పుడు సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. అక్కడ మీవైపు తీర్పు వచ్చాక హోటల్‌వాళ్లు దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. నమోదు లేకపోతే ఈ వారమే చేయించండి, ఆన్‌లైన్‌లో ఉచితం. ఇకముందు మిల్లు బిల్లులను షాపు బిల్లులతో కలపకండి, విడి బిల్లు, మీద ఉద్యం నంబరు.

జీఎస్టీలో 180 రోజుల నిబంధన ఉంది కదా, దాంతో భయపెట్టొచ్చు అని ఎవరైనా చెబితే వినకండి. కొన్నవాడు ఆరు నెలల్లో డబ్బు కట్టకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీద పన్నుకు తీసుకున్న మినహాయింపు) వెనక్కి కట్టాలన్నది నిజమే. అయిదు శాతం జీఎస్టీ కట్టే హోటళ్లూ, కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారుల సులభ పన్ను పద్ధతిలో) ఉన్న కొట్లూ అసలు ఆ క్రెడిట్ తీసుకోవు. వాళ్లకు పోయేదేమీ లేదు. పోయేది మీకే: డబ్బు రాకపోయినా బిల్లు కొట్టినందుకు పన్ను కట్టేశారు, బాకీ మునిగిందని అది తిరిగిరాదు. అరువిచ్చే ముందు ఆ పన్ను కూడా మీ జేబులోంచే వెళుతోందని గుర్తుంచుకోండి.

సంతకాలూ ఉండి, అడిగీ అడిగీ విసిగిపోయిన చిన్న బాకీలకు కోర్టు మెట్లెక్కకండి. లోక్ అదాలత్‌కు వెళ్లండి. కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వొచ్చు, ఫీజు లేదు, వాళ్లే అవతలివాళ్లను పిలిపిస్తారు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 20 వేలు, 30 వేల బాకీలకు ఇంతకన్నా చవకైన దారి నాకు కనబడలేదు.

ఇక మీ తమ్ముడి వాట్సాప్ ఆలోచన. వద్దని చెప్పండి. బాకీ నిజమే అయినా, పదిమందిలో పేరు పెట్టాక అవతలివాడు పరువునష్టం కేసు వేస్తే మీ 14 వేల కోసం మీరే లాయరుకు ఫీజు కట్టుకుంటారు. పేరు బయటపడేదాకా కొంత భయం ఉంటుంది, బయటపడ్డాక "ఎలాగూ పరువు పోయింది, ఇంకెందుకివ్వడం" అంటాడు. ఆ గ్రూపులో ఉన్న మిగతా యాభై కొట్లూ చూస్తాయి, రేపు తమ పేరూ ఇలాగే వస్తుందని. సరుకు కొనడానికి పట్నంబజారులో మీదొక్కటే షాపు కాదు. మీ తమ్ముడికి ఊపు ఉంది కాబట్టి మంగళవారం లైన్ అతనికి ఇవ్వండి. సంతకాల పుస్తకం, నాన్నగారి జాబితా కాపీ చేతిలో పెట్టి పంపండి.